చూరు కింద కాగితపు గూడు: ఇంటి కందిరీగల నడవడి

పెంకుటింటి చూరు కింద, డాబా కిటికీ సజ్జ కింద, పశువుల కొట్టం దూలానికి, పొలంలో మోటారు స్టార్టరు డబ్బా లోపల, బూడిద రంగు కాగితంతో చేసినట్లున్న చిన్న గూడు తలకిందులుగా వేలాడుతూ ఉండడం తెలుగునాట అందరూ చూసేదే. దానినే కందిరీగల తుట్టె అంటారు. అది కంటబడగానే చాలా ఇళ్లలో కలిగే ఆలోచన ఒక్కటే. పొడవాటి కర్రకు పాత గుడ్డ చుట్టి, కిరోసిన్‌లో ముంచి, చీకటి పడగానే కాల్చివేయాలి.

తుట్టెను తొలగించడం కొన్ని చోట్ల తప్పనిసరి. బడి పిల్లలు రోజూ వచ్చిపోయే గుమ్మం మీద దానిని ఉంచుకోమని ఎవరూ చెప్పరు. అయితే చేతికి, తలకు అందనంత ఎత్తులో, ఎవరి దారికీ అడ్డు లేకుండా ఉన్న తుట్టెలను కూడా అదే భయంతో నాశనం చేయడం వల్ల పెరటిలోని కూరగాయ మొక్కలపై గొంగళిపురుగులను ఏరితినే ఒక మిత్రపురుగును మనమే పోగొట్టుకుంటున్నాము. ఏ తుట్టెను ఉంచాలి, దేనిని తీయాలి అన్నది తేల్చుకోవాలంటే కందిరీగ ఎందుకు ఇంటిని ఆశ్రయిస్తుంది, ఏమి తింటుంది, ఎప్పుడు కుడుతుంది అన్న మూడు విషయాలు తెలిసి ఉండాలి.

ఒకే పేరు, మూడు రకాలు

వాడుకలో కందిరీగ అన్న ఒక్క మాట కిందనే వేరువేరు జీవన విధానాలున్న కీటకాలు చేరిపోతున్నాయి. వాటిని మూడు తెగలుగా గుర్తిస్తే సరిపోతుంది.

మొదటివి మట్టి కందిరీగలు. ఇవి ఒంటరి జీవులు. గోడ మూలల్లో, తలుపు చట్రాల్లో తడిమట్టితో చిన్న గూళ్లు కడతాయి. జాతిని బట్టి గొంగళిపురుగునో సాలీడునో కొండితో పొడిచి, కదలలేని స్థితిలో తెచ్చి గూటిలో ఉంచి, గుడ్డు పెట్టి మూసివేస్తాయి. మన పెద్దలు చెప్పే భ్రమరకీట న్యాయానికి మూలం ఈ దృశ్యమే. గూటిలో పెట్టిన పురుగు భ్రమరాన్నే తలచుకుంటూ చివరకు భ్రమరంగా మారిపోతుందని వేదాంతులు ఉపమానం చెప్పారు. గూటిలో జరిగేది మాత్రం వేరు. లోపలి పురుగును తల్లి కందిరీగ పిల్ల తిని పెరిగి, రెక్కలతో బయటకు వస్తుంది. ఈ జాతులలో గూటికి కాపలా కాసే గుంపు ఉండదు. చేతితో నలిపితే తప్ప ఇవి మనుషులను కుట్టడం అరుదు.

రెండవవి కాగితపు కందిరీగలు. ఇవి గుంపులుగా జీవిస్తాయి. వీటి తుట్టెకు పై కప్పు ఉండదు. కింది నుండి చూస్తే గదులన్నీ కనిపిస్తాయి. దక్షిణ భారతదేశంలో రోపాలిడియా ప్రజాతికి చెందినవి, పోలిస్టిస్ ప్రజాతికి చెందినవి ఇళ్ల వద్ద తరచుగా కనిపిస్తాయి. పోలిస్టిస్ జాతులు ఎగిరేటప్పుడు పొడవైన వెనుక కాళ్లు కిందికి వేలాడుతూ ఉంటాయి. ఈ వ్యాసం ఈ రెండవ తెగను గురించినది.

మూడవవి వెస్పా ప్రజాతికి చెందిన పెద్ద కందిరీగలు. చెట్టు తొర్రల్లో, నేల బొరియల్లో, కొమ్మలపై గూడు కడతాయి. వీటి గూళ్ల చుట్టూ సాధారణంగా కాగితపు పొరల కవచం ఉంటుంది. నల్లని శరీరంపై పొట్ట చుట్టూ వెడల్పాటి పసుపు పట్టీ ఉన్న వెస్పా ట్రోపికా ఈ తెగలోనిదే. వీటి గుంపు పెద్దది, విషం మోతాదు ఎక్కువ. వీటి గూటి జోలికి రైతు స్వయంగా పోరాదు.

ఎండు కట్టె నుండి కాగితం

పాత కంచె గుంజలు, ఎండిన వెదురు, దడి కర్రలు, ఎండు కాడలు కాగితపు కందిరీగకు ముడిసరుకు. దవడలతో పైపొరను గీకి నారను తీసి, లాలాజలంతో కలిపి నమిలి, ముద్ద చేసి గూటికి తెస్తుంది. ఆ ముద్దను గది అంచున పలుచని పట్టీగా పరుస్తుంది. అది ఆరితే కాగితమే. ఒక్కొక్క చోటి కట్టె ఒక్కొక్క రంగులో ఉంటుంది కనుక తుట్టె గోడలపై బూడిద, గోధుమ రంగు చారలు వరుసగా కనిపిస్తాయి.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రియామూర్ 1719లో ఈ నేర్పును గమనించి, చింకి గుడ్డల కోసం వెతుకులాడకుండా మనుషులు కూడా చెట్ల నారతో కాగితం చేయవచ్చునని సూచించాడు. ఐరోపాలో ఆనాడు కాగితానికి ముడిసరుకు పాత గుడ్డలే. కట్టెను అరగదీసి గుజ్జు చేసే యంత్రం జర్మనీలో 1840ల దశకంలో గాని రూపొందలేదు.

తుట్టె నిర్మాణంలో రైతు గమనించవలసిన భాగం కాడ. మొత్తం గూడు ఒక సన్నని కాడ మీద వేలాడుతుంది. చీమలు గూటిలోని గుడ్లనూ పిల్లలనూ చేరాలంటే ఆ ఒక్క దారినే రావాలి. ఉష్ణమండలంలో కందిరీగకు చీమ కంటె పెద్ద శత్రువులు కొద్ది. బ్రెజిల్‌లోని ఒక కాగితపు కందిరీగ జాతి తన పొట్ట చివరనున్న గ్రంథి నుండి వెలువడే స్రావాన్ని ఈ కాడకు పూస్తుందనీ, చీమలు దానిని దాటడానికి వెనుకాడతాయనీ రాబర్ట్ జీన్ 1970లో నిరూపించాడు. ఇతర కాగితపు కందిరీగలలోనూ ఇటువంటి అలవాటు ఉన్నట్లు తరువాతి పరిశోధనలలో తేలింది.

గదులు ఆరు మూలలుగా, నోరు కిందికి ఉండేటట్లు అమర్చి ఉంటాయి. ఒక్కొక్క గోడ రెండు గదులకు పనికివస్తుంది కనుక ముడిసరుకూ శ్రమా కలిసివస్తాయి. గుడ్డు గది గోడకు అంటుకొని ఉంటుంది. లార్వా పూర్తిగా పెరిగిన తరువాత తానే పట్టుదారం వంటి దారంతో గది నోటిని తెల్లగా మూసుకొని కోశస్థ దశలోకి పోతుంది. తెల్లని మూతలున్న గదులు ఎక్కువగా కనిపిస్తే త్వరలో గుంపు పెరగబోతున్నదని అర్థం. పెద్ద కందిరీగ ఒక్కటి కూడా రోజుల తరబడి కనిపించని తుట్టె విడిచిపెట్టిన తుట్టె. దానికి భయపడవలసిన పని లేదు.

తుట్టెలోని సంసారం

తేనెటీగల పట్టులో రాణి శరీరం కూలి ఈగల కంటె స్పష్టంగా పెద్దది. రోపాలిడియా మార్జినాటా అనే మన కాగితపు కందిరీగలో ఆ తేడా లేదు. రాణికీ కూలి కందిరీగకూ రూపంలో భేదం కనిపించదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్, ఆయన శిష్యులు దశాబ్దాలపాటు ఈ జాతిని పరిశీలించారు. ఒక్కొక్క కందిరీగకు రంగు చుక్కలతో గుర్తులు పెట్టి, ఏది గుడ్డు పెడుతున్నది, ఏది మేత తెస్తున్నది, ఏది ఎవరిని తరుముతున్నది అన్నది గంటల తరబడి నమోదు చేశారు. ఆ పరిశోధనల సారం 2001లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన గ్రంథంగా వెలువడింది.

చలిదేశాలలోని కాగితపు కందిరీగల తుట్టె ఒక్క సంవత్సరపుది. శీతాకాలంలో జతకట్టిన ఆడ కందిరీగలు మాత్రమే బతికి, వసంతంలో కొత్తగా గూడు కడతాయి. మన వాతావరణంలో ఆ అడ్డంకి లేదు. రోపాలిడియా మార్జినాటా ఏడాది పొడవునా ఏ నెలలోనైనా కొత్త తుట్టె ప్రారంభించగలదు. ఒక్క ఆడ కందిరీగ ఒంటరిగా మొదలు పెట్టవచ్చు, కొన్ని కలిసి మొదలు పెట్టవచ్చు. గుడ్డు నుండి రెక్కల పురుగు కావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది.

పుట్టిన ప్రతి ఆడ కందిరీగ ముందూ కొన్ని దారులుంటాయి. వెళ్లి సొంత గూడు కట్టుకోవచ్చు. పుట్టిన చోటనే ఉండి ఇతరుల పిల్లలను పెంచవచ్చు. అవకాశం వస్తే అక్కడే రాణి కావచ్చు. సొంత గూటిలో గుడ్లు పెట్టే వీలున్నప్పుడు మరొకరి సంతానానికి చాకిరీ చేయడం ఎందుకన్నది జీవశాస్త్రంలో పాత ప్రశ్న. గడగ్కర్ ఇచ్చిన సమాధానాలలో ఒకటి వ్యవసాయ కుటుంబాలకు సులభంగా అర్థమవుతుంది. ఒంటరిగా సేద్యం చేసే మనిషి నాటు వేసిన తరువాత మంచాన పడితే ఆ పైరు అంతటితో సరి. ఉమ్మడి కుటుంబంలో ఒకరు మధ్యలో తప్పుకున్నా వారు చేసిన పని వృథా పోదు. మిగిలినవారు కోత దాకా తెస్తారు. ఒంటరి కందిరీగ రెండు నెలలు బతికి ఉంటేనే ఒక్క పిల్లయినా రెక్కలు తొడుగుతుంది. గుంపులోని కందిరీగ పది రోజులు మేత తెచ్చి చనిపోయినా ఆ పది రోజుల శ్రమకు ఫలితం మిగులుతుంది.

రాణి స్వభావం కూడా ఊహకు భిన్నంగా ఉంటుంది. రోపాలిడియా మార్జినాటా రాణి నెమ్మదైనది. ఎవరినీ కొట్టదు, తరమదు. తన పొట్టను తుట్టెపై రాస్తూ వదిలే రసాయన గంధమే ఆమె ఉనికిని అందరికీ తెలుపుతుంది. రాణిని తొలగిస్తే కొద్ది నిమిషాలలోనే ఒక కూలి కందిరీగ అమితంగా దూకుడు చూపుతుంది. దానిని అలాగే ఉండనిస్తే సుమారు వారం రోజులలో గుడ్లు పెట్టి కొత్త రాణి అవుతుంది, నెమ్మదిస్తుంది కూడా. ఎవరు వారసురాలు కాబోతున్నారో పరిశీలకులు ముందుగా చెప్పలేకపోయినా, కందిరీగలకు మాత్రం తెలిసే ఉంటుందని అనిందితా భద్ర, గడగ్కర్ 2008లో ప్రకటించిన ప్రయోగం సూచించింది.

మేత పంపకం మరో ఆసక్తికరమైన విషయం. పెద్ద కందిరీగలు పూల మకరందం, పండ్ల రసం వంటి తీపి ద్రవాలతో బతుకుతాయి. మాంసం లార్వాల ఆహారం. లార్వాలు తమ వంతుగా చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఉన్న లాలాజలపు బొట్టును పెద్దవాటికి తిరిగి అందిస్తాయి. గదులలో లార్వాలు ఎంత ఎక్కువగా ఉంటే బయట గొంగళిపురుగుల వేట అంత ముమ్మరంగా సాగుతుంది.

ఇంటి మీద మక్కువ ఎందుకు

కాగితపు గూడు వానకు నానుతుంది, ఎండకు మాడుతుంది. చూరు, సజ్జ, దూలం ఈ రెండింటి నుండీ కాపాడతాయి. వేసవి మధ్యాహ్నాలలో కందిరీగలు నీరు తెచ్చి గదులపై చుక్కలుగా ఉంచి, రెక్కలతో విసురుతూ తుట్టెను చల్లబరుస్తాయి. కాబట్టి బావి గట్టు, నీళ్ల తొట్టి, కుండీల పళ్లెం దగ్గరలో ఉండడం వాటికి సౌకర్యం. పాత తలుపులు, దడి కర్రలు కాగితానికి ముడిసరుకు. పెరటి మొక్కలు వేటస్థలం. వీటన్నిటినీ ఒక్కచోట చేర్చినది మనిషి ఇల్లే.

శత్రుభయం ఇంకొక కారణం. ముందు చెప్పిన వెస్పా ట్రోపికా రోపాలిడియా తుట్టెలపై దాడి చేసి గదులలోని పిల్లలను ఎత్తుకుపోతుంది. ఎదిరించినా ఫలితం లేక చిన్న కందిరీగలు గూడు వదిలి పక్కకు తప్పుకుంటాయి. బెంగళూరు పరిశోధకులు ఈ బెడద తప్పించడానికి, చిన్న కందిరీగ దూరగలిగి పెద్దది దూరలేని సన్నని కన్నుల ఇనుప వలతో ఒక గదిని కట్టి అందులో తుట్టెలను ఉంచారు. ఇంట్లోని సన్నని సందులు కందిరీగకు అదే రక్షణ ఇస్తాయి. స్టార్టరు డబ్బాకు వైరు కోసం చేసిన రంధ్రం, కరెంటు మీటరు పెట్టె సందు, మూసి ఉంచిన కిటికీ రెక్కల నడుమ ఖాళీ, ఏ.సి. బయటి పెట్టె వెనుక భాగం, వాడని గొట్టపు చివర వంటివన్నీ వాటికి కోటలే.

పెరట్లో, పొలంలో వేట

కాగితపు కందిరీగ ఆకుల మీద నడుస్తూ, ఆకుల అడుగున వెతుకుతూ వేటాడుతుంది. గొంగళిపురుగు దొరికితే సాధారణంగా కొండిని వాడదు. దవడలతోనే చంపి, నమిలి ముద్ద చేసి తుట్టెకు మోసుకుపోతుంది. పురుగు పెద్దదైతే సగం తీసుకువెళ్లి, మిగిలిన సగం కోసం అదే ఆకు దగ్గరకు తిరిగి వస్తుంది. తుట్టెలో ఆ ముద్ద పంపకమై లార్వాల నోటికి చేరుతుంది. క్యాబేజీ, ఆముదం, మొక్కజొన్న వంటి పైర్లపై ఆకు తినే పురుగులు మెత్తని శరీరంతో బయటే తిరుగుతూ ఉంటాయి కనుక కందిరీగకు అనువైన ఆహారం.

ఈ వేటను సస్యరక్షణకు వాడుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని ఉత్తర కరోలినాలో 1950ల దశకంలో రాబ్, లాసన్ అనే కీటక శాస్త్రజ్ఞులు పొగాకు పైరును తినే కొమ్ము పురుగుపై పోలిస్టిస్ కందిరీగల వేటను అధ్యయనం చేశారు. పొలాల దగ్గర ఆశ్రయ పెట్టెలు అమర్చి కందిరీగలు గూళ్లు కట్టుకొనేటట్లు చూడడం అక్కడి సమగ్ర పురుగు నివారణ ప్రయత్నాలలో భాగమైంది. బ్రెజిల్‌లో జరిగి, 2019లో ప్రచురితమైన ప్రయోగాలలో, ఆరుబయట వల కట్టిన ఆవరణలలో పోలిస్టిస్ జాతి కందిరీగలను ఉంచినప్పుడు మొక్కజొన్నపై కత్తెర పురుగు, చెరకుపై కాండం తొలిచే పురుగు సంఖ్య తగ్గి, మొక్కలకు జరిగే నష్టం కూడా తగ్గింది. కత్తెర పురుగు 2018లో భారతదేశంలోకి ప్రవేశించి కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మొక్కజొన్న రైతులను నష్టపరచిన సంగతి తెలిసినదే. ఆ కారణంగా ఈ ఫలితాలు మనకు ప్రత్యేకంగా పరిశీలించదగినవి.

అయితే అతిగా ఆశించరాదు. ఆవరణలో వచ్చిన ఫలితం ఎకరాల పొలంలో అదే స్థాయిలో వస్తుందని చెప్పలేము. ట్రైకోగ్రామా కార్డులవలె కందిరీగలను లెక్కపెట్టి పెంచి, కావలసిన రోజున పొలంలో వదలడం కుదరదు. కందిరీగకు ఏ పురుగు దొరికితే అదే మేత. పైరు అవసరాన్ని బట్టి అది వేటాడదు. సమగ్ర సస్యరక్షణలో సాలీళ్లు, అక్షింతల పురుగులు, పక్షులతోపాటు ఇది ఒక సహాయకారి. కూరగాయల పెరటిలో రసాయన మందు వాడకుండా నెగ్గుకురావాలనుకునేవారికి దీని విలువ మరింత ఎక్కువ.

ఇదే వేట మరొక రైతుకు నష్టం. నల్లమద్ది వంటి చెట్లపై ఆరుబయట దసలి పట్టుపురుగులను పెంచేవారికి కందిరీగలు శత్రువులు. మిర్యాల తోట పక్కనో, వంగ మడి పక్కనో మెచ్చుకోదగిన అలవాటు అక్కడ దొంగతనమవుతుంది. మాగిన ద్రాక్ష, జామ వంటి పండ్లపైన కూడా ఇవి వాలి రసం పీలుస్తాయి. పండ్ల కోతకు వెళ్లే కూలీలు ఆకుల మాటున తుట్టె ఉన్నదేమో ముందుగా చూసుకోవాలి.

కుట్టడం: ఎప్పుడు, ఎందుకు

కొండి ఆడ కందిరీగలకే ఉంటుంది. అది గుడ్డు పెట్టే అవయవం మార్పు చెందిన రూపం కనుక మగవాటికి ఉండదు. రోపాలిడియా మార్జినాటా మగ కందిరీగలు పుట్టిన కొద్ది రోజులకే తుట్టెను విడిచిపోతాయి. తుట్టెపై మనకు కనిపించేవి దాదాపు అన్నీ ఆడవే. తేనెటీగ కుట్టినప్పుడు కొండి చర్మంలో చిక్కుకుపోతుంది. కందిరీగ కొండి సాధారణంగా అలా చిక్కుకోదు కనుక ఒకే కందిరీగ పలుమార్లు కుట్టగలదు.

పూల మీద, నీటి తొట్టి వద్ద, ఆకుల మీద తిరిగే కందిరీగ తనంతట తాను మనిషిపైకి రాదు. అది కుట్టేది రెండు సందర్భాలలో. ఒకటి, బట్టల మడతలోనో చేతికిందనో నలిగినప్పుడు. రెండు, తుట్టెకు ముప్పు వచ్చిందనుకున్నప్పుడు. తుట్టె కట్టిన కొమ్మ కదలడం, తలుపు దబ్బున పడడం, దగ్గరగా చేయి ఊపడం, మనిషి ఊపిరి నేరుగా తగలడం వాటికి ముప్పు సూచనలు. కదలిక మొదలవగానే తుట్టెపైనున్నవి మనవైపు తిరిగి, రెక్కలు పైకెత్తి, బిగుసుకొని నిలబడతాయి. ఇది హెచ్చరిక. ఆ క్షణాన చేతులు ఊపకుండా నెమ్మదిగా వెనుకకు తగ్గితే చాలాసార్లు అంతటితో ముగుస్తుంది. కొన్ని జాతులలో విషంలోని వాసనే తక్కినవాటికి దాడి పిలుపు అవుతుంది. తుట్టె పక్కనే ఒక కందిరీగను చంపడం అందుకే ప్రమాదకరం.

ఒకటి రెండు కాట్లకు చాలామందిలో నొప్పి, ఎరుపు, వాపు వచ్చి క్రమంగా తగ్గిపోతాయి. సబ్బు నీటితో కడిగి, చల్లని తడిగుడ్డ లేదా గుడ్డలో చుట్టిన మంచుముక్క ఉంచాలి. వేళ్లకు ఉంగరాలు ఉంటే వాపు రాకముందే తీసివేయాలి. సున్నం పూయడం పల్లెలలో అలవాటు; సున్నపు గాఢత వల్ల చర్మం కాలే అవకాశం ఉంది కనుక దానిని మానడం మంచిది.

కొందరి శరీరం మాత్రం ఒక్క కాటుకే తీవ్రంగా స్పందిస్తుంది. ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు లేదా నాలుక వాయడం, గొంతు బిగుసుకోవడం, ఊపిరి ఆడకపోవడం, కళ్లు తిరగడం, వాంతులు కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఇంట్లో గడపరాదు. ఇది ప్రాణాపాయ స్థితి. అడ్రినలిన్ ఇంజెక్షన్ దీనికి మొదటి చికిత్స. వెంటనే 108కు ఫోను చేయాలి. నోటిలోపల, గొంతులో కుట్టినా, పెద్ద కందిరీగలు ఒకేసారి అనేకం కుట్టినా పైకి బాగానే ఉన్నట్లు కనిపించినప్పటికీ వైద్యునికి చూపించాలి. ఎక్కువ విషం శరీరంలో చేరితే ఒకటి రెండు రోజుల తరువాత మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఒకసారి తీవ్రంగా స్పందించినవారి ఇంటి పరిసరాలలో తుట్టె ఎంత దూరాన ఉన్నా దానిని ఉంచరాదు.

ఉంచవలసినది, తీయవలసినది

ఈ విషయాలను బట్టి తుట్టె కనిపించినప్పుడు కాల్చే ఆలోచనకు ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది మనిషి చేతికి లేదా తలకు అందే ఎత్తులో ఉన్నదా? దానిని ఆనుకొని తలుపు, కిటికీ, స్విచ్చి, డబ్బా మూత వంటి కదిలే వస్తువు ఉన్నదా? ఆ ఇంట కందిరీగ కాటు పడనివారు ఉన్నారా? మూడింటికీ లేదు అన్న సమాధానం వస్తే తుట్టెను దాని మానాన వదిలివేయవచ్చు. ఏ ఒక్కదానికి అవునని వచ్చినా తీయించాలి.

నాలుగైదు గదులతో, ఒకటి రెండు కందిరీగలతో ఉన్నప్పుడే గమనిస్తే పని సులభం. నెలకొకసారి చూరు, సజ్జలు, కొట్టం పరిశీలించి, అవాంఛనీయమైన చోట మొదలైన గూటిని సంధ్యవేళ పొడవాటి కర్రతో తొలగించి, కాడ మొదలును కూడా గీకివేయాలి. ఒంటినిండా బట్ట, తలకు ముఖానికి ముసుగు ఉండాలి. పదుల సంఖ్యలో కందిరీగలున్న తుట్టెను, నిచ్చెన ఎక్కవలసిన చోటి తుట్టెను, కవచం ఉన్న పెద్ద కందిరీగల గూటిని అనుభవమున్న వారితోనే తీయించాలి. నిచ్చెన మీద నిలిచిన మనిషికి కాటు కంటె కంగారుతో పడిపోవడమే పెద్ద ముప్పు.

కాల్చడం ఏ సందర్భంలోనూ తగదు. తాటాకు, రెల్లు కప్పులకు, గడ్డివాములకు నిప్పంటుకొనే ప్రమాదం ఒకటి. మంటకు చెదిరిన కందిరీగలు చీకటిలో దీపం వైపుకు, మనుషుల వైపుకు రావడం రెండవది. పొలానికి తెచ్చిన పురుగుమందును ఇంటి చూరుపై పిచికారీ చేయడం కూడా మానాలి. ఆ మందు తాగునీటి కుండలపై, పశువుల తొట్టిపై పడుతుంది.

స్టార్టరు డబ్బా విషయంలో ప్రత్యేక శ్రద్ధ కావాలి. రాత్రివేళ కరెంటు రాగానే చీకటిలో డబ్బా తెరిచే రైతు ముఖం సరిగ్గా తుట్టె ఎదుట ఉంటుంది. ఉలిక్కిపడిన చేయి కరెంటు తీగపై పడవచ్చు. వైరు రంధ్రాలను, అంచు సందులను ముందుగానే మూయించి, గాలి కోసం విడిచిన చోట సన్నని ఇనుప వల బిగించాలి. తెరిచే ముందు దూరం నుండి టార్చిలైటు వేసి చూడడం అలవాటు చేసుకోవాలి. తుట్టె ఉన్నట్లు తేలితే సరఫరా ఆపించిన తరువాతనే తొలగింపు చేపట్టాలి.

ఇంటికి దూరంగా, పెరటి మూలనున్న చెట్టుకో, వాడని కొట్టం దూలానికో ఉన్న తుట్టెను మాత్రం కదిలించకుండా, పిల్లలకు చూపించి, ఎంత దూరంలో నిలబడాలో నేర్పడం మేలు. దాని పక్కనున్న మడిలో రసాయన మందు కొట్టవలసి వస్తే కందిరీగలు తిరగని సాయంకాలం వేళ, అవసరమైన మొక్కల వరకే కొట్టాలి. గొంగళిపురుగు కోసం అవి మరునాడు ఉదయం మళ్లీ ఆ ఆకుల మీదకే వస్తాయి కనుక, వాటికి తక్కువ హాని చేసే మందును ఎంచుకోవడం అవసరం. వేప గింజల కషాయం, బి.టి. వంటి జీవసంబంధమైన మందులు ఇటువంటి చోట ముందుగా పరిశీలించదగినవి.